సంతలో ఆవును చూసిపెట్టే దళారి సేవ: దేనికి డబ్బివ్వాలి, దేనికి ఇవ్వకూడదు

చిత్తూరు వైపు పాడి ఆవు కొందామని పలమనేరు సంతకో పుంగనూరు సంతకో పోయే రైతుకు ఆవు కంటే ముందు దళారి కనబడతాడు. ఆవును వెతికి చూపించడం, పండ్లు చూసి వయసు చెప్పడం, పొదుగు చూసి పూటకు ఎన్ని లీటర్లో చెప్పడం, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం కుదర్చడం, చివరికి బండి మాట్లాడి ఎక్కించడం, అన్నీ కలిపి ఒకే సేవ, ఒకే కమీషన్. చాలాసార్లు ఆ కమీషన్ అమ్మేవాడి దగ్గరా కొనేవాడి దగ్గరా రెండు వైపులా ముడుతుంది. ఈ సేవను ముక్కలుగా విడదీసి ఏ ముక్క ఎంత చేస్తుందో ఇక్కడ చెబుతున్నాం. సంకర జాతి ఆవు ధర పలికేది లీటర్ల మీద. పూటకు రెండు లీటర్లు ఎక్కువ చెబితే చాలు, ధర వేలల్లో పైకి పోతుంది. ఆ రెండు లీటర్లు ఉన్నాయో లేవో తేలేసరికి ఆవు మన కొట్టంలో ఉంటుంది, డబ్బు వాళ్ళ చేతిలో ఉంటుంది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. అనుభవం ఉన్న దళారి కన్ను పనికిరాని ఆవును బాగా పట్టేస్తుంది, కానీ లీటర్లను పట్టలేదు. మొదటి పనికి 10కి 8 మార్కులు ఇస్తాం, రెండో పనికి 3 దాటి ఇవ్వలేం. ఇందులో దళారిని తప్పుపట్టేది పెద్దగా లేదు. ఒంటి మీద కనబడే గుర్తుల్లో అంత సమాచారం లేదు, అంతే. మన పెద్దలు "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి ఎనుమును" అన్నారు. పాడిని చూడమన్నారు గానీ తోకను, కొమ్మును, సుడిని చూడమనలేదు.

ముందు పొదుగు సంగతి. దళారి మొదట చూపించేది అదే, మనమూ ఎక్కువసేపు నిలబడాల్సింది అక్కడే. "చూడన్నా, కుండ మాదిరి ఎట్లుండాదో, పూటకు పదికి తక్కువ ఈదు" అంటాడు. పెద్ద పొదుగులో పాలు ఎక్కువ ఉంటాయన్న మాటలో కొంత నిజముంది. పాలను తయారుచేసే కణజాలం ఎంత ఉంటే అంత పాలు. చిక్కేమిటంటే, బయటికి కనబడే సైజులో మూడు వేర్వేరు సరుకులు కలిసి ఉంటాయి: పాలిచ్చే కణజాలం, దాన్ని పట్టి ఉంచే కొవ్వూ నారా, అప్పటికి లోపల నిలిచి ఉన్న పాలు. నిండు పొదుగును చూసి ఈ మూడింటిలో ఏది ఎంతో ఎవరూ చెప్పలేరు. అందుకని పొదుగును పాలు పిండకముందు ఒకసారి, పిండిన తర్వాత ఒకసారి చూడాలి. రెండోసారి చూడడమే ముఖ్యం.

పిండిన పొదుగు ఎలా ఉండాలంటే, నీళ్ళు పోసేసిన తోలు సంచిలా వెనకవైపు చర్మం మడతలు మడతలుగా జారాలి. రెండు చేతులతో కింది నుంచి పట్టి నొక్కితే దూది మెత్తలా లోపలికి పోయి మళ్ళీ పొంగాలి. పిండినా సైజు పెద్దగా తగ్గకుండా గట్టిగా, నిండుగానే ఉంటే అది మాంసపు పొదుగు. చూపుకు కుండ, పాలకు చెంబు. వేళ్ళకు గోలీల్లాగా, నిమ్మకాయలాగా గడ్డలు తగిలితే ఆ భాగానికి ఎప్పుడో పొదుగు వాపు వచ్చి మానింది, పాలిచ్చే కణజాలం పోయి నార పేరుకుంది. ఆ చన్నులో పాలు ఈ ఈతలో తిరిగి రావు, వచ్చే ఈతలో కూడా పూర్తిగా రావు. నాలుగు భాగాలనూ ఒక్కొక్కటిగా తడమాలి. వెనక రెండు చన్నులూ కలిసి మొత్తం పాలలో సుమారు 60 శాతం ఇస్తాయి కాబట్టి వెనక చన్ను పోవడం ముందు చన్ను పోవడం కంటే పెద్ద నష్టం. దళారులు "ముందర చన్ను కొంచెం తగ్గింది, ఏమీ కాదు" అన్నప్పుడు దాన్ని ధరలో అడగొచ్చు. వెనక చన్ను తగ్గితే ఆ ఆవును వదిలేయడం మేలు.

చూడి ఆవునో, రేపోమాపో ఈనే పడ్డనో కొనేటప్పుడు ఇంకో మోసం ఉంది, ఇది మనిషి చేసేది కూడా కాదు. ఈతకు ముందు రెండు మూడు వారాల్లో పొదుగులో నీరు చేరుతుంది. తొలి ఈతలో మరీ ఎక్కువ. బొటనవేలితో పొదుగు ముందుభాగాన్ని గట్టిగా నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి తీయండి. గుంట అలాగే నిలబడితే అది నీరు. ఆ నీరు ఈనిన తర్వాత కొన్ని రోజుల్లో దిగిపోతుంది, పొదుగు సైజూ దానితోపాటే దిగిపోతుంది. ఈనని పడ్డ పొదుగు చూపించి "పది లీటర్ల ఆవు అయితాది" అని చెప్పే మాటకు విలువ లేదు. అక్కడ అడగాల్సింది తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చింది, ఏ ఎద్దు వీర్యం వేశారు అన్నది.

పొదుగు అమరిక మీద దళారులు చెప్పేవాటిలో చాలావరకు సరైనవే, కానీ వాళ్ళు వాటిని పాల గుర్తులుగా చెబుతారు. నిజానికి అవి ఆవు ఎన్ని ఈతలు నిలబడుతుందో చెప్పే గుర్తులు. వెనక నుంచి చూస్తే పొదుగు నడుమ నిలువుగా గాడి స్పష్టంగా కనబడాలి. పొదుగును పైకి ఎత్తి పట్టే నడిమి పట్టీ బలంగా ఉందన్నదానికి అది గుర్తు. గాడి చెరిగిపోయి పొదుగు అడుగు చదునుగానో, కిందికి ఉబ్బిగానో ఉంటే పట్టీ వదులైంది. అప్పుడు చన్నులు పక్కలకు విరుచుకుంటాయి, పాలు పిండే మిషన్ పెడితే గాలి లాగుతుంది, నడిచేటప్పుడు కాలు తగులుతుంది. పొదుగు అడుగు వెనక కాలి కీలు కంటే పైనే ఉండాలి. తొలి ఈత ఆవుకైతే కీలుకు కనీసం బెత్తెడు పైన. యోని కింది అంచు నుంచి పాల కణజాలం మొదలయ్యే చోటికి జాన కంటే తక్కువ దూరం ఉంటే వెనక పొదుగు ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ వెడల్పు కూడా ఉంటే ఇంకా మంచిది.

ఇక్కడ ఒక తిరకాసు. పాల లెక్కలు తరాలకొద్దీ రాసిన పెద్ద మందల్లో చూస్తే, కిందికి లోతుగా దిగిన పొదుగున్న ఆవులే సగటున ఎక్కువ పాలిచ్చాయి. అంటే పాల దిగుబడిని కొంచెమైనా చెప్పే గుర్తు, ఆవు ఆయుష్షును తగ్గించే గుర్తూ ఒకటే. పేడలో తడిసి, కీలుకు రాసుకుని, దోమా ఈగా వాలి పొదుగు వాపు ఎక్కువగా వచ్చేది అలాంటి పొదుగుకే. మూడు ఈతలు ఉంచుకుని అమ్మేద్దాం అనుకునేవాడికి ఒక లెక్క, దూడలు పెంచి మంద చేసుకుందాం అనుకునేవాడికి ఇంకో లెక్క. మీరు ఏ లెక్కలో ఉన్నారో అడిగే దళారి దొరికితే అతన్ని వదులుకోకండి.

పాలనరం గురించి సంతలో చెప్పినంత గొప్పగా ఇంక దేని గురించీ చెప్పరు. పొట్ట కింద పొదుగు ముందు నుంచి ముందుకాళ్ళ వైపు వేలెడు లావున వంకరలు తిరుగుతూ పోయే నరం అది. అది పాలను మోసే నరం కాదు, పొదుగుకు రక్తాన్ని తెచ్చేదీ కాదు. పొదుగు నుంచి గుండెకు తిరిగిపోయే రక్తం దానిలో పోతుంది. ఒక లీటరు పాలు తయారవ్వాలంటే సుమారు 400 నుంచి 500 లీటర్ల రక్తం పొదుగులో తిరగాలి కాబట్టి నరం లావుకూ పాలకూ సంబంధం ఉండాలని అనిపించడం సహజమే. కానీ ఆ రక్తం తిరిగిపోవడానికి వేరే దారులు కూడా ఉన్నాయి. పైగా ఈత ఈతకూ ఆ నరం లావెక్కుతుంది, వంకరలు ఎక్కువవుతాయి. అయిదో ఈత ఆవుకు నరం తాడులా ఉండి పాలు పడిపోయి ఉండొచ్చు, తొలి ఈత ఆవుకు నరం కనీకనబడకుండా ఉండి పూటకు ఎనిమిది ఇవ్వొచ్చు. చర్మం పలచగా ఉన్న జెర్సీ సంకరానికి బాగా తేలి కనబడుతుంది, ఒళ్ళు చేసిన ఆవుకు లోపలికి పోతుంది. ఒకే వయసు, ఒకే జాతి, ఒకే ఈత ఉన్న రెండు ఆవులను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఈ గుర్తు ఏమీ చెప్పదు. సంతలో అలాంటి జత దొరకదు.

వెడల్పు వెనక, సన్నం ముందు అన్న త్రికోణం ఆకారం, పక్కటెముకలు ఎడంగా వెనక్కి వాలి ఉండడం, మెడ పలచగా ఉండడం, ఇవి కొంచెం నమ్మదగినవి. మేసిన మేతను కండగా మార్చుకోకుండా పాలుగా మార్చే ఆవు అలా పదునుగా కనబడుతుంది. చివరి రెండు పక్కటెముకల మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి అనేది సరైన కొలతే. కానీ ఇందులో కూడా ఫలితాన్నే కారణం అనుకునే పొరపాటు జరుగుతుంది. ఆవు పాలిస్తోంది కాబట్టి పదునుగా ఉంది. పదునుగా ఉన్న ఆవల్లా పాలిస్తుందని అర్థం కాదు. కరువు మేత తిన్న ఆవు కూడా త్రికోణంగానే ఉంటుంది. తేడా పట్టాలంటే వెంట్రుకలు చూడండి: నిగనిగలాడుతూ ఒంటికి అతుక్కుని ఉంటే సరే, గరుకుగా లేచి ఉంటే ఆకలో పురుగులో ఉన్నట్టు. ఎడమవైపు డొక్క గుంట చూడండి, పేడ చూడండి. ఒంటి నిండుదనానికి 1 నుంచి 5 దాకా వేసే మార్కుల్లో, ఈనిన కొత్తలో 3కు దగ్గరగా ఉండాలి: నడుము ఎముక చేతికి తగలాలి, కంటికి మరీ పొడుచుకు రాకూడదు. దీనికి తిరగేసి ఇంకో సూచన ఉంది. ఈని నాలుగో నెలలో ఉన్న ఆవు బాగా ఒళ్ళు చేసి గుండ్రంగా ఉంటే, దాణా ఎక్కడికి పోతోందో కనబడుతూనే ఉంది.

ఆవు సైజు గురించి రెండు మాటలు. ఒకే జాతిలో పెద్ద ఆవు ఎక్కువ పాలిస్తుందన్నది బలహీనమైన సూచన. సైజు చెప్పేది ఎంత మేత పడుతుందన్నది. బరువు కళ్ళతో చెప్పడం కంటే దర్జీ టేపు మేలు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, భుజం ముందు కొన నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 68, పొడవు 58 అయితే సుమారు 406 కిలోలు. ఆ ఆవు రోజుకు ఒంటి బరువులో 3 శాతం, అంటే సుమారు 12 కిలోల ఎండు పదార్థం తింటుంది. దాన్ని పెట్టగలిగే మేత మీ దగ్గర లేకపోతే అది 20 లీటర్ల ఆవైనా మీ కొట్టంలో 20 ఇవ్వదు.

మిగతా గుర్తులు తొందరగా చెప్పేస్తాం. తొడల మధ్య, పొదుగు వెనక వెంట్రుకలు పైకి తిరిగి ఉండే మేర ఎంత వెడల్పుంటే అంత పాలు అన్న సిద్ధాంతాన్ని 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా గెనోన్ అనే ఆయన చెప్పాడు, దాని మీద పెద్ద వర్గీకరణే కట్టాడు. తర్వాత పాలు తూచి చూసిన మందల్లో అది నిలబడలేదు. పొడవు తోక, తోక కుచ్చు, నలుపు తెలుపు మచ్చల పంపకం: పాలకు సంబంధం లేదు. చెవి లోపల పసుపుగా ఉంటే వెన్న ఎక్కువ అనేది కూడా అంతే, ఆ పసుపు పచ్చిమేతలోని కెరోటిన్‌ది. వెన్న కావాలంటే పాల కేంద్రంలో ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘన పదార్థం) చూపించుకోవడం రెండు నిమిషాల పని. సుడి పాలను మార్చదు గానీ ధరను మారుస్తుంది. చెడ్డ సుడి అని ధర తగ్గితే పాల కోసం కొనేవాడికి లాభమే. మళ్ళీ అమ్మేటప్పుడు మీకూ అంతే తగ్గుతుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

పుంగనూరు జాతి ఆవుకు ఈ గుర్తులేవీ వర్తించవు. మూడడుగుల ఎత్తు కూడా ఉండని ఆ ఆవును లీటర్లకు కొనరు. రోజుకు రెండు మూడు లీటర్లు ఇచ్చినా ఆ పాలలో వెన్న ఎక్కువ. అక్కడ చూడాల్సింది జాతి స్వచ్ఛత. అది దళారి చెప్పేది కాదు, పలమనేరులో ఆ జాతిని కాపాడుతున్న పశు పరిశోధన కేంద్రం లాంటి చోట అడగాల్సింది.

ఇప్పుడు దళారికి 8 మార్కులు ఎందుకిచ్చామో చెప్పాలి. పండ్లు చూడడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. రెండేళ్ళకు కాస్త అటూ ఇటూగా రెండు పండ్లు, మూడేళ్ళ లోపు నాలుగు, మూడున్నరకు ఆరు, నాలుగు దాటాక కడపండ్లు. ఆ తర్వాత అరుగుదలను బట్టి వయసు చెప్పడం చేతి అలవాటు. కొమ్ముల మీద గీతలను ఆకురాయితో అరగదీసి ఉంటే వెంటనే కనిపెడతారు. ఆవును నాలుగడుగులు గట్టి నేల మీద నడిపించి కాలు ఎత్తేసే తీరులో గిట్ట నొప్పి ఉందో లేదో చెబుతారు. తన్నుడు ఆవును చెవుల కదలికలోనే పట్టేస్తారు. చన్ను చివర రంధ్రం బిగువుగా ఉండి పిండడానికి చేయి పడిపోయే ఆవును, వదులై పాలు కారిపోయే ఆవును, రెండు ధారలు లాగి చూపిస్తారు. ఒక పాడి ఆవును పాడు చేసేవి ముఖ్యంగా ఇవే: వయసు, కాళ్ళు, చన్నులు, గుణం. ఈ పనికి కమీషన్ ఇవ్వడం దండగ కాదు.

సేవ చెడిపోయేది లీటర్ల దగ్గర. అక్కడ దళారి కన్ను కంటే అమ్మేవాడి ఏర్పాటు గట్టిగా ఉంటుంది. రోజుకు 16 లీటర్లిచ్చే ఆవు గంటకు సుమారు ముప్పావు లీటరుకు కొంచెం తక్కువ పాలు చేస్తుంది. పన్నెండు గంటలకు 8 లీటర్లు. సంత ముందురోజు పొద్దున పిండి, సాయంత్రం పిండకుండా వదిలేస్తే సంత పొద్దుటికి 24 గంటలవుతుంది. పొదుగులో ఒత్తిడి పెరిగాక పాల తయారీ తగ్గుతుంది కాబట్టి పూర్తి 16 కాకపోయినా, 13 నుంచి 14 లీటర్లు నిలిచి ఉంటాయి. ఆ పొదుగు చూసి, ఆ పాలు పిండి చూపించి "పూటకు పదమూడు" అంటారు. కొనేవాడి కళ్ళ ముందే బకెట్టు నిండుతుంది. అబద్ధం పాలలో లేదు, గంటల్లో ఉంది. నీళ్ళలో ఎనుమును బేరం చేసినట్టే ఇది, కనబడని సగంలోనే అసలు సంగతి ఉంది.

పట్టే గుర్తులు: చన్నులు నలుదిక్కులకు విరుచుకుని చర్మం మెరుస్తుంటుంది, చన్ను కొనల్లో పాలు బొట్లుబొట్లుగా కారుతుంటాయి, ఆవు వెనక కాళ్ళు ఎడం చేసి నడుస్తుంది, పొదుగు మీద చేయి వేస్తే కదిలిపోతుంది. మామూలు పూట నిండిన పొదుగు ఇంత బాధ పెట్టదు.

ఇంకోటి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్, అంటే ఆవు చేపి పాలు దిగేలా చేసే హార్మోన్ సూది. ఆవు సహజంగా చేపాలంటే దూడను వదలాలి, లేదా పొదుగు కడిగి చన్నులు రాయాలి. అప్పుడు ఒకటి రెండు నిమిషాలకు చేపు వస్తుంది, నాలుగైదు నిమిషాలుండి పోతుంది. ఇంజెక్షన్‌కు అలవాటు పడిన ఆవు అది లేకపోతే చేపదు. ఇంటికి తెచ్చాక పొదుగు నిండుగా ఉండి రెండు లీటర్లు ఇచ్చి ఆగిపోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. పాల కోసం ఇలా ఇంజెక్షన్ వేసి పశువు ఆరోగ్యాన్ని చెడగొట్టడం జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. పిండేటప్పుడు మీరు పక్కనే నిలబడి ఏ సూదీ లేకుండా, దూడతోనో చేతితోనో చేపించమని అడగండి. ఒప్పుకోకపోతే అదే జవాబు.

దూడ సంగతీ ఇందులోదే. ఈని ఆరు నెలలైన ఆవు పక్కన పదిరోజుల దూడను కట్టి "నిన్నగాక మొన్న ఈనింది" అనడం పాత పద్ధతి. దూడ బొడ్డు తడిమి చూడండి. పచ్చిగానో ఎండిన తాడు వేలాడుతూనో ఉంటే మొదటి రెండు వారాల దూడ. అప్పుడు ఆవు వెనకభాగం కూడా ఇంకా వదులుగా ఉండాలి. దూడను వదిలినప్పుడు ఆవు వాసన చూసి నాకకుండా కాలు విసిరితే ఆ దూడ దానిది కాకపోవచ్చు.

చెవికి పసుపు పచ్చ పోగు ఉంటే, దాని మీద ఉన్న 12 అంకెల నంబరు రాసుకోండి. పశువైద్యశాలలో ఆ నంబరు మీద కృత్రిమ గర్భధారణ, టీకా వివరాలు ఎక్కించి ఉంటే ఈత తేదీ ఎప్పుడైఉండాలో లెక్క తేలుతుంది. కృత్రిమ గర్భధారణ చేయించిన నాటి నుంచి 280 రోజులకు అటూ ఇటూ ఈత. చూడి అని చెప్పి అమ్మే ఆవునైతే డాక్టరు చేయి పెట్టి చూస్తే తప్ప నమ్మొద్దు. దళారి డొక్కలో గుద్ది చెప్పేది అందాజు మాత్రమే.

మరి లీటర్లు ఎలా తెలుసుకోవాలి? మూడు పూటలు. సంతలో నచ్చిన ఆవుకు కొంత బయానా ఇచ్చి, అమ్మేవాడి ఊరికే పోయి చూడడానికి ఒప్పించగలిగిన దళారే మంచి దళారి. మొదటి పూట సాయంత్రం అయిదుకు మీ ముందు పొదుగు పూర్తిగా ఖాళీ చేయించండి. ఆ పాలు లెక్కలోకి రావు. దాన్నుంచి సరిగ్గా 12 గంటలకు పొద్దున అయిదుకు, మళ్ళీ సాయంత్రం అయిదుకు పిండించి ఆ రెండూ కలపండి. అదే రోజు పాడి. చెంబుతో కొలవొద్దు, నురగ మోసం చేస్తుంది. వేలాడే తూకం పెట్టి బకెట్టుతో కలిపి తూచి బకెట్టు బరువు తీసేయండి. 9.4 కిలోలు వచ్చి బకెట్టు 1.2 ఉంటే పాలు 8.2 కిలోలు. లీటరు పాలు 1.03 కిలోలు కాబట్టి 8 లీటర్లకు కొంచెం తక్కువ. రెండు పూటల్లో ఒక పూట బాగా తగ్గితే ఏదో జరిగినట్టు, ఇంకో పూట కూడా ఉండండి.

ఆ పిండడంలోనే ఇంకో పరీక్ష చేసేయొచ్చు. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 3 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి సీసాలో పట్టుకుపోండి. నాలుగు చిన్న మూతల్లో నాలుగు చన్నుల పాలు విడివిడిగా పట్టి, అంతే కొలత ఆ నీళ్ళు పోసి తిప్పండి. నీళ్ళలాగే తిరిగితే సరే. జిగురుగా, కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకడితే పైకి ఏమీ కనబడకపోయినా లోపల పొదుగు వాపు మొదలైంది. ఈనిన మొదటి వారంలో మాత్రం ఈ పరీక్ష నమ్మొద్దు, ఆ పాలు సహజంగానే చిక్కగా ఉంటాయి.

రోజు పాడి తెలిశాక దాన్ని ఈతలో ఎక్కడ కొలిచామో చూడకపోతే ఆ అంకె కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఆవు పాలు ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు శిఖరానికి చేరతాయి, తర్వాత నెలకు సుమారు పదో వంతు చొప్పున దిగుతాయి. శిఖరం రోజు పాలను 200తో గుణిస్తే 305 రోజుల మొత్తం ఉజ్జాయింపుగా వస్తుంది: శిఖరంలో 16 లీటర్లంటే ఈతకు సుమారు 3,200. అదే 16 లీటర్లు ఈని పది రోజులున్న ఆవు ఇస్తుంటే ఇంకా పెరుగుతుంది. అయిదో నెలలో ఇస్తుంటే అది చాలా మంచి ఆవు. సంతలో ధర రెండింటికీ ఒకేలా కట్టడం చూస్తుంటాం, అక్కడ తెలిసినవాడికి లాభం ఉంది. తొలి ఈత ఆవు శిఖరం తన నిండు వయసు శిఖరంలో ముప్పావు వంతే ఉంటుంది, అందుకే తొలి ఈతలో 12 ఇచ్చే ఆవును నాలుగో ఈతలో 13 ఇచ్చే ఆవు కంటే తక్కువ చేయొద్దు.

ఇంటికి తెచ్చిన మొదటి వారం పది రోజులు పాలు పడిపోతాయి. బండి ప్రయాణం, కొత్త కొట్టం, కొత్త చేయి, మారిన దాణా, అన్నీ కలిసి అలా చేస్తాయి. అది మోసం అని వెంటనే దళారి మీదికి పోవడం న్యాయం కాదు. అమ్మిన రైతు పెట్టే దాణా ఏమిటో అడిగి వారానికి సరిపడా అదే తెచ్చుకుని, రెండు వారాల్లో మెల్లగా మీ దాణాలోకి మార్చండి. పాలకు ప్రతి రెండున్నర లీటర్లకు కిలో దాణా, దాని మీద ఒంటి పోషణకు కిలో నుంచి కిలోన్నర. రెండో వారం చివర తూచినప్పుడు కూడా మూడు పూటల లెక్కకు చాలా తక్కువగా ఉంటే అప్పుడు మాట్లాడాలి.

ఆ మాట్లాడే హక్కు ఉండాలంటే ముందే చీటీ రాయించుకోవాలి. నాలుగు చన్నులూ పాలిస్తాయి, ఇన్నో ఈత, ఈనిన తేదీ, ఇంజెక్షన్ లేకుండా చేపుతుంది, మూడు పూటల్లో తూచిన పాలు ఇన్ని, చెవి పోగు నంబరు ఇది, చెప్పింది తప్పని తేలితే ఇన్ని రోజుల్లో వాపసు. ఈ చీటీ మీద దళారి సాక్షి సంతకం పెడతానంటే అతని మాటకు విలువ ఉంది. కమీషన్ ఆవు ధర మీద శాతంగా కాకుండా, ఆవు కొన్నా కొనకపోయినా చూసిపెట్టినందుకు ఇంత అని మాట్లాడుకోండి. ధర పెరిగితే పెరిగే కమీషన్ తీసుకునేవాడు లీటర్లు తగ్గించి చెప్పడు. "అన్నా, ఇది వద్దు, ఇంటికి పో" అని చెప్పినా అతనికి డబ్బు ముట్టేలా ఉండాలి.

కొత్తగా పాడి మొదలుపెట్టేవాళ్ళు, ఒక్క రోజులో సంతకు పోయి ఆవుతో తిరిగి రావాలనుకునేవాళ్ళు ఈ సేవ మీద ఆధారపడకపోవడమే మంచిది. ఒక రాత్రి అమ్మేవాడి ఊళ్ళో ఉండగలిగినవాళ్ళకు, చేతిలో తూకం, టేపు, సబ్బు నీళ్ళ సీసా ఉన్నవాళ్ళకు మాత్రం మంచి దళారి తోడుంటే పండ్లు, కాళ్ళు, గుణం చూసే పని సగం తగ్గుతుంది.